రెండు షాట్ల నడుమ



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ డ్రాయింగ్ సారు గురించి చెప్పాల్సినదంతా నాకన్నా ముందు మాట్లాడిన ఆయన శిష్యులు చెప్పారు. నేను ఆయన దగ్గర చదువుకున్నవాణ్ని కాదు. అయినా బొమ్మలు నేర్పిన మనిషి జ్ఞాపకార్థం సినిమా గురించి మాట్లాడమంటే నాకు సబబుగానే తోచింది. మన సినిమాల్లో గొప్పవనుకునే కొన్ని సన్నివేశాలు కెమెరా దాకా రాకముందే కాగితం మీద తయారయ్యాయి.

ఈ మాట ఇబ్రహీంపట్నంలో చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మనకు ఆ పక్కనే, విజయవాడ హైవే వైపు, రామోజీ ఫిల్మ్ సిటీ ఉంది. 1996లో మొదలైంది. 1,666 ఎకరాల స్టూడియో ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఈ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వడ్రంగానికి, లైట్ల పనికి, జూనియర్ ఆర్టిస్టులుగా అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఈ సభలో కూడా ఉండే ఉంటారు. షూటింగ్ ఎలా ఉంటుందని వాళ్లనడగండి. మొదట చెప్పే మాట ఒకటే: చాలాసేపు ఏమీ జరగదు.

ఆ ఏమీ జరగని సమయంలో కొంత లైటింగుకు పోతుంది. దాన్ని తప్పుపట్టలేం. తక్కినదానిలో పెద్ద వాటా డైరెక్టరు ఆలోచించుకోవడానికి పోతుంది. ఇంటి దగ్గర ఒక టీ ఖర్చుతో అయిపోయే ఆలోచన అది. సెట్ మీద వందమంది బేటా ఖర్చుతో అవుతోంది.

షాట్లు ముందే వేసుకోవడమంటే అందమైన ఫ్రేములు ఊహించుకోవడమని చాలామంది అనుకుంటారు. నేనలా అనుకోను. లొకేషన్‌కి వెళ్లాక అందమైన ఫ్రేమును మంచి కెమెరామన్ ఎలాగూ పట్టుకుంటాడు. ఈ షాటు ఎక్కడ ఆగుతుంది, తరువాతిది దాన్ని ఎక్కడ అందుకుంటుంది అన్నది మాత్రం డైరెక్టరు తప్ప ఇంకెవరూ తేల్చలేరు. అసలు పనంతా ఆ అతుకు దగ్గరే ఉంది. స్టోరీబోర్డులో గడులు చూసి మురిసిపోతాం గానీ, చదవాల్సింది గడికీ గడికీ నడుమ ఉన్న గీతను.

కె.వి. రెడ్డి గారిని తీసుకోండి. ‘పాతాళభైరవి’ 1951, ‘మాయాబజార్’ 1957. ఆయన దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు తరచుగా చెప్పే సంగతి ఒకటుంది. రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని సన్నివేశం నిడివి ముందే లెక్కగట్టేవారు. పిసినారితనం కాదది. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో ఖాళీ. షాటు ఎన్ని సెకన్లో తెలిసినవాడికి తరువాతి షాటు ఎన్నో సెకనులో రావాలో తెలుస్తుంది. అంటే ఎడిటింగు సగం షూటింగుకు ముందే అయిపోయినట్టు.

‘మాయాబజార్’లో ప్రియదర్శిని పెట్టె గుర్తుందిగా. మూత తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కంప్యూటరు లేని ఆ రోజుల్లో ఇలాంటి ట్రిక్ షాటుకు ఫ్రేములో కొంత మేర మాస్కుతో కప్పి మిగతాది తీసేవారు. తరువాత ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పి, కప్పిన చోటు తెరిచి, అప్పటిదాకా తీసినదాన్ని కప్పి, రెండోసారి తీసేవారు. దీనర్థం ఏమిటి? పెట్టెలో కనబడబోయే మనిషి ఎంత సైజులో ఉండాలి, ఎటు చూడాలి, ఎప్పుడు నవ్వాలి అన్నవన్నీ మొదటిసారి కెమెరా తిప్పకముందే ఖాయమైపోవాలి. తప్పు జరిగితే రెండు షాట్లూ పోతాయి. మార్కస్ బార్ట్లే కెమెరా ప్రతిభను అందరం పొగుడుతాం, పొగడాల్సిందే. కళా దర్శకులు మా. గోఖలే, కళాధర్ ముందే వేసిన బొమ్మలు లేకుండా ఆ ప్రతిభకు నిలబడే చోటు దొరికేది కాదు. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో 300 బొమ్మ ఇళ్లు పేర్చి, దీపాలు పెట్టి ద్వారక అనిపించారు. బొమ్మ ఊరు చూపి, మరుక్షణం నిలువెత్తు సెట్‌లోకి వచ్చినప్పుడు ప్రేక్షకుడికి అనుమానం రాకూడదు. అది కూడా అతుకు పనే.

ఇక బాపు. పెన్సిలుతో సినిమా తీసిన తెలుగువాడెవరంటే ముందు ఆయన పేరే చెప్పుకోవాలి. 1967లో ‘సాక్షి’తో దర్శకుడయ్యే నాటికే ఆయన పేరుమోసిన కార్టూనిస్టు. గోదావరి ఒడ్డున పులిదిండి అనే పల్లెలో, సెట్లు లేకుండా, అక్కడి ఇళ్లనూ వీధులనూ ఆసరా చేసుకుని తీసిన సినిమా అది. చేతిలో డబ్బు తక్కువ. అలాంటప్పుడు గీసుకున్న బొమ్మే బడ్జెట్టు: ఫ్రేములో పడని గోడకు సున్నం వేయించనక్కర్లేదు. స్క్రిప్టు పక్కన షాటుకో బొమ్మ గీసుకోవడం ఆయనకు చివరిదాకా ఉన్న అలవాటు.

కార్టూనిస్టుకు ఒక శిక్షణ ఉంటుంది. ఒకే గడి ఇస్తారు. అందులో ఎవరెవరున్నారు, ఎవరు అన్నారు, ఎవరు విన్నారు అన్నీ తెలియాలి. అక్కర్లేని కుర్చీ కూడా ఉండకూడదు. బాపు బొమ్మలో చూపు ఎటు పోతోందో గమనించండి. అది గడి దాటి బయటికి పోతుంది. చూసేవాడి కన్నూ దాని వెంటే వెళుతుంది. సినిమాలో ‘లుక్’ అని అసిస్టెంట్లు కేకలు వేసే సంగతి ఇదే. లుక్ సరిగా ఉంటే తరువాతి షాటు తలుపు తెరిచినట్టు వస్తుంది.

1975లో బాపు ‘ముత్యాల ముగ్గు’కు ఇషాన్ ఆర్య కెమెరా పట్టాడు. ఆ ఏడాది కెమెరా పనికి జాతీయ అవార్డు అందుకున్నాడు. రావు గోపాలరావు వేసిన విలన్ కాంట్రాక్టరు తెల్లవారుజామున ఆకాశాన్ని మెచ్చుకునే సన్నివేశంలో భయమంతా ఎక్కడుంది? మాటల్లో కొంత ఉంది, అవి ముళ్లపూడి వారివి. మిగతాది మనిషినీ ఆకాశాన్నీ ఏ వరసలో చూపాలో తెలిసినవాడి దగ్గరుంది.

బాపు పద్ధతికి ఒక లోపమూ ఉందని నా అభిప్రాయం. ఆయన పౌరాణికాల్లో కొన్ని చోట్ల బొమ్మ గెలిచి సినిమా ఆగిపోతుంది. ‘సీతాకల్యాణం’లో (1976) కొన్ని ఫ్రేములు కేలండరుకెక్కించాలనిపిస్తాయి. కేలండరును చూస్తూ నిలబడిపోతాం, పేజీ తిప్పం. బొమ్మ మరీ పూర్తయితే దానికి పక్క బొమ్మతో పని ఉండదు. అదే సినిమాలో గంగావతరణం మటుకు అలా కాదు, ఒక్కో ముక్క ఇంకో ముక్కను లాక్కుంటూ పోతుంది. ఇంతకీ బాపు చివరి సినిమా ‘శ్రీరామరాజ్యం’ (2011) చిత్రీకరణ జరిగిన చోట్లలో మన ఫిల్మ్ సిటీ కూడా ఒకటి. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి ఆ ఆవరణలో తిరిగాడంటే నాకు ఈ నేల మీద కొంచెం గౌరవం పెరుగుతుంది.

ఇప్పుడు ఒక సన్నివేశం వేద్దాం. దూరం వద్దు, మన పెద్ద చెరువు కట్ట చాలు. కుతుబ్‌షాహీల నాటి చెరువు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క ఆయకట్టు. ఆ ఆయకట్టు పక్క ఎక్కడ చూసినా వెంచర్ల తెల్ల హద్దురాళ్లు కనిపిస్తున్న కాలం ఇది.

కట్ట మీద తండ్రి నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడు. కొడుకు బైకు మీద వస్తాడు. పొలానికి అగ్రిమెంటు రాసి అడ్వాన్సు తీసుకున్నాడు. తండ్రికి ఇప్పుడు చెప్పాలి. స్క్రిప్టులో ఇది అర పేజీ.

అలవాటు ప్రకారం ఏం తీస్తారో మీకు చెబుతాను. ఒక మాస్టర్ షాటు. ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపే సజెషన్లు రెండు: తండ్రి సజెషన్‌లో కొడుకు, కొడుకు సజెషన్‌లో తండ్రి. ఇద్దరికీ చెరో క్లోజప్. తండ్రి చేతులు తువ్వాలును నలపడం మీద ఒక ఇన్సర్టు. చివర్లో డ్రోను పైకి లేస్తుంది. ఏడు సెటప్పులు. ఒక్క నిర్ణయం లేదు.

నిర్ణయం ఎక్కడ మొదలవాలి? అడ్వాన్సు తీసుకోవడం ప్రేక్షకుడు ముందు సీనులోనే చూశాడా లేదా అన్న దగ్గర. చూశాడనుకుందాం. అయితే ఈ సన్నివేశంలో వార్త లేదు. ఉన్నదల్లా వార్త తెలియని ఒక మొహం. కాబట్టి మొదటి షాటుకు కెమెరా నీళ్ల వైపు, కట్ట లోపలి రాళ్ల పేర్పు మీద కిందగా ఉండాలి. ముందు తండ్రి మొహం, పెద్దగా. వెనక, దూరంగా, కొడుకు బండి దిగుతాడు. 28 ఎంఎం లెన్సు వేస్తే ఆ దూరం ఇంకా దూరమవుతుంది. కొడుకు రెండడుగులు వేసి ఆగుతాడు, జేబులో ఫోను తీసి ఊరికే చూసి పెట్టేస్తాడు, మళ్లీ నడుస్తాడు. అదంతా మనకు కనబడుతుంది, తండ్రికి కనబడదు. సగం సీను ఈ ఒక్క షాటులో అయిపోయింది. సజెషన్లతో పని లేదు.

రెండో షాటు కొడుకుది. వెనక ఆయకట్టు, తెల్ల హద్దురాళ్లు. ఇదే లెన్సుతో తీస్తే ఆ రాళ్లు చాక్‌పీసు ముక్కల్లా ఎక్కడో ఉంటాయి. కెమెరా వెనక్కి జరిపి 85 వేస్తే అవి వచ్చి వాడి భుజం పక్కన నిలబడతాయి. అమ్మకం గురించి పెద్ద డైలాగు రాయనక్కర్లేకుండా పోతుంది. కానీ వెనక్కి జరపడానికి చోటేది? వెనక చెరువు. ఎండాకాలం నీళ్లు తగ్గితే ట్రైపాడ్ చెరువు లోపలే పెట్టొచ్చు. అలుగు పోసే రోజుల్లో అయితే కట్ట వెంబడి ఏటవాలుగా పోయి ఇంకో కోణం వెతకాలి, అప్పుడు వెనకాల రాళ్లు పడతాయో గుడి పడుతుందో చూసుకోవాలి. రెక్కీకి వెళ్లి ఫోటోలు దిగి వచ్చేవాళ్లు ఈ ప్రశ్న వేసుకోరు.

ఇప్పుడు అతుకు. కొడుకు దగ్గరికొచ్చి నిలబడ్డాడు. నోరు తెరవబోయే ముందు, మాట రాకముందు, రెండో షాటులోకి రావాలి. “నాయినా, అగ్రిమెంటు అయిపోయింది” అన్న మాట రాళ్ల పక్కన నిలబడి అంటాడు. అనగానే తండ్రి మొహానికి పోవాలని చెయ్యి దురదపెడుతుంది. పోవద్దు. కొడుకు మీదే ఉందాం. కాసేపటికి తండ్రి గొంతు వినిపిస్తుంది: “బండికి స్టాండు సరిగ ఏసినవా?” అప్పుడు మొదటి షాటుకు తిరిగి వెళితే తండ్రి ఇంకా నీళ్లకేసే చూస్తూ ఉంటాడు. నటుడు ఏమీ చేయక్కర్లేదు. చేస్తే చెడుతుంది.

కెమెరామన్ మూడో షాటు అడుగుతాడు, నాకు తెలుసు. వెనక నుంచి ఇద్దరి వీపులు, ఎదురుగా చెరువు, దిగిపోతున్న పొద్దు. పోస్టరుకు పనికొస్తుంది. దాన్ని నేను కొట్టేస్తాను. కెమెరా అటు పక్కకు దాటితే ఇప్పటిదాకా కుడివైపున్న కొడుకు ఎడమవైపుకొస్తాడు. ప్రేక్షకుడు ఒక్క క్షణం ఎవరెక్కడని వెతుక్కుంటాడు. అది సర్దుకోగలిగిన ఇబ్బందే. సర్దుకోలేనిది ఇంకోటి: ఈ సీనులో పొద్దు అందంగా ఉండటానికి వీల్లేదు.

తీసే వరస వేరుగా ఉంటుంది. రాళ్ల మీద వెలుతురుండగానే రెండో షాటు ముందు తీయాలి. తండ్రి షాటు మసక వెలుతురులోనూ నడుస్తుంది, చివరికి ఉంచొచ్చు. అంటే కొడుకు మాట ముందు చెప్పేస్తాడు, బండి దిగి భయపడటం తరువాత నటిస్తాడు. అతుకు ముందే తెలియకపోతే ఆ కుర్రాడికి ఏ స్థాయిలో భయపడాలో ఎవరు చెబుతారు?

ఫిల్ము ఉన్న రోజుల్లో 400 అడుగుల మేగజైన్ నాలుగున్నర నిమిషాల్లోపు అయిపోయేది. కెమెరా తిరుగుతున్న చప్పుడు ప్రొడ్యూసరుకు గుండెదడ. ఇప్పుడు కార్డులో గంటలు పడతాయి, దాంతో ‘ఎడిటింగ్‌లో చూసుకుందాం’ అన్న మాట పుట్టింది. అలా తీసిన సినిమాలో ప్రతి సన్నివేశం టీవీ చర్చలా ఉంటుంది: మాట్లాడేవాడి మొహం, మాట్లాడేవాడి మొహం.

గ్రాఫిక్స్ సినిమాలకు ఈ వెసులుబాటు లేదు, అందుకే అక్కడ క్రమశిక్షణ ఎక్కువ. ‘బాహుబలి’ మొదటి భాగానికి వేల స్టోరీబోర్డు బొమ్మలు వేశారు. అందులోని మాహిష్మతి నగరంలో కొంత కళా దర్శకుడు సాబు సిరిల్ ఫిల్మ్ సిటీలో కట్టించాడు, మిగతాది కంప్యూటరులో వచ్చింది. ఎక్కడిదాకా చెక్క, ఎక్కడి నుంచి గ్రాఫిక్ అన్నది ముందే గీసుకోకపోతే డబ్బు మట్టిలో పోసినట్టే.

ముందు వేసుకున్నదంతా తీయాలన్న పంతం కూడా మంచిది కాదు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి కట్టుదిట్టమైన స్క్రిప్టు కాకుండా బొమ్మల పుస్తకం ఒకటి వేసుకుని బయల్దేరాడు. సినిమాలో మాత్రం చాలా సంగతులు లొకేషన్ ఇచ్చినవే. మన దగ్గర బి. నర్సింగరావు ‘దాసి’ (1988) చూడండి. దర్శకుడు చిత్రకారుడు. కళా దర్శకత్వం తోట వైకుంఠం, ఆయనా చిత్రకారుడే. కెమెరా ఎ.కె. బీర్. ఆ సినిమాలో గడీ వసారాలో మనిషి నడిచి వెళ్లిపోయాక కూడా ఫ్రేము కాసేపు అలాగే నిలబడుతుంది. ఎంతసేపు నిలబడాలన్నది బొమ్మలో రాదు. అది సెట్ మీద, ఆ వెలుతురులో, ఆ అడుగుల చప్పుడు విన్నాక తేలే సంగతి. కానీ అలా ఆగి వినడానికి తీరిక కావాలి. మిగతా లెక్కలన్నీ ముందురోజే తేలిపోయిన డైరెక్టరుకే ఆ తీరిక ఉంటుంది.

వెనక కూర్చున్న కుర్రాళ్లు, మాకు బొమ్మలు రావు కదా అనుకుంటున్నారు. అక్కర్లేదు. పై నుంచి చూసినట్టు కట్టను రెండు గీతలుగా గీయండి. తండ్రికో సున్న, కొడుక్కో సున్న, బండికో అడ్డగీత. కెమెరా ఉన్నచోట ‘వి’ ఆకారం, పక్కన లెన్సు నంబరు, షాటు నంబరు. పొద్దు ఎటు ఉంటుందో బాణం. అంతే. దాన్ని జిరాక్స్ తీసి ముందు రాత్రే కెమెరామన్‌కి, ఆర్ట్ వాళ్లకి, కో-డైరెక్టరుకి ఇవ్వండి. ఒక కాపీ జనరేటర్ వ్యాను డ్రైవరుకూ ఇవ్వండి. లేకపోతే పొద్దున్నే వచ్చి కట్ట దిగువన, సరిగ్గా ఆ తెల్లరాళ్ల ముందే బండి ఆపుతాడు.