పచ్చి సిమెంటు, ఇనుపరేకు, విద్యుచ్ఛక్తి



చంద్రగిరి దాపున నొక పల్లెలో నీళ్లతొట్టి కట్టుచుండగా చూడబోయితిని. పోతపోసిన మూడవనాడు మేస్త్రి సెంట్రింగు రేకులు విప్పించెను. ఒక రేకుతోగూడ అరచేతియంత పెచ్చు ఊడివచ్చి లోపలి కమ్మి బయటపడినది. ఆ రేకునకు నూనె పూయుట మరచిరట! కమ్మికి తుప్పుపట్టినచో అది యుబ్బి గోడను పగులగొట్టును, తొట్టి నిలువదు.

అచ్చటనున్న పెద్దాయన యొకరు, "అయ్యా, నూనె లేకుండ రేకు అంటకుండు ఉపాయము కలదా?" యని యడిగిరి.

కలదు. అయితే దాని కథ మడకతో ముడిపడియున్నది. చెరువుక్రింది జిగటమన్ను మడకకు పట్టుకొని యెద్దులను ఎంత శ్రమపెట్టునో మీరెరుగుదురు. తడిమన్నులో విద్యుత్తు ప్రవహించినపుడు నీరు కదలునని 1809లో మాస్కోలో రాయిస్ అను పండితుడు కనుగొనెను. మంటి రేణువులకు ఋణవిద్యుత్తును, వానినంటియున్న నీటికి ధనవిద్యుత్తును ఉండును. కావున నీరు ఋణధ్రువమువైపు జరుగును. 1924లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధనాలయమువారైన క్రౌథర్, హెయిన్సు అనువారు ఇనుప మడకరేకును ఋణధ్రువముగా జేసి, దానిపై పలుచని నీటిపొర చేరి రాపిడి తగ్గుట చూపిరి. ఆ పద్ధతి సేద్యములో వ్యాపింపలేదు. కదలిపోవు మడకకు ఆ పొర ఊరువరకు తీరిక యెక్కడిది?

సెంట్రింగు రేకట్లు కాదు, కదలక నిలిచియుండును. అందుచేత పచ్చిసిమెంటునకును ఇనుమునకును నడుమ ఈ యుపాయమును ప్రయోగశాలలలో పరీక్షించుచున్నారు. సిమెంటు గొట్టములగుండ సులువుగా సాగుటకును దీనిని యోచించుచున్నారు. చిక్కులును కలవు. నీరు మితిమీరి చేరినచో గోడ పైముఖము బలహీనపడును. లోపలి కమ్మి ధనధ్రువమైనచో, తప్పింపబోయిన తుప్పే దానికి పట్టును.

ఇది వినగానే ఒక యువకుడు, "మోటారు కొట్టము ప్రక్కనే యున్నది, తీగ లాగుదునా?" యనెను. నాకు గుండె ఝల్లుమన్నది. ప్రయోగమునకు కావలసినది ఒకే దిక్కున పారు విద్యుత్తు. స్తంభపు విద్యుత్తు సెకనునకు నూరుమారులు దిక్కు మార్చును. నీరు ఒకవైపు చేరనే చేరదు. పైగా తడిసిమెంటు విద్యుత్తును ప్రసరింపజేయును. రేకుపై చేయిపెట్టినవాడు ప్రాణములు కోల్పోవును. ఆ మాట గట్టిగానే చెప్పితిని.

పిమ్మట మేస్త్రి కమ్మిని తీగబ్రష్షుతో రుద్ది, వదులుపెచ్చులు చెక్కి, గోడను తడిపి, సిమెంటు ఇసుక గట్టిగా కలిపి గుంటను పూడ్చెను. దానిపై తడిగోనె కప్పించెను. పెద్దాయన మాత్రము నూనెడబ్బాను తన యరుగుమీద పెట్టించి, తరువాతి పోతకు ముందు రేకులన్నిటిని తానే తడిమి చూచెదనని మేస్త్రితో చెప్పిరి.