మన సర్వరులకు మన గాదె

ఊరివారందరు ఏనాటికానాడు సంతకు పోయి, దొరికిన విత్తనము తెచ్చి చల్లినచో ఒక చేను మొలచును, ఒక చేను మొలవదు. కారణ మెవ్వరికిని తెలియదు. అందుచేతనే తెలిసిన రైతు మేలైన విత్తనమును గాదెలో దాచుకొనును. లినక్స్ సర్వరులను నడపువారికిని ఇట్టి గాదె యొకటి అవసరము. సర్వరునకు కావలసిన ప్రోగ్రాములు ప్యాకేజీలను మూటలుగా వచ్చును. ఆ మూట లుండు చోటు రిపాజిటరీ.

మా కార్యాలయమున పండ్రెండు డెబియన్ సర్వరు లున్నవి. ఎవరికి వీలైన దినమున వారు వానిని ఇంటర్నెట్ నుండి అప్‌డేట్ చేయుచుండిరి. ఒకనాడు మా ప్రోగ్రాము పదింట నడచి రెండింట ఆగిపోయినది. రెండు దినములు వెదకగా, ఆ రెండింట ఒక లైబ్రరీ వెర్షన్ వేరని తేలినది. నాడే స్వంత రిపాజిటరీని నెలకొల్ప నిశ్చయించితిమి.

అందుకు మేము ఎన్నుకొన్న సాధనము ఆప్ట్‌లీ. దానికి మూడు మెట్లు కలవు. మొదటిది మిర్రర్: డెబియన్ రిపాజిటరీలో మనకు వలయు భాగమును మన డిస్కుపైకి తెచ్చుకొనుట. అన్ని ఆర్కిటెక్చర్లను కోరినచో డిస్కు నిండిపోవును. ఏఎండీ64 చాలునని ముందే చెప్పవలెను. రెండవది స్నాప్‌షాట్: ఆనాటి ప్యాకేజీల పట్టికను మార్పులేకుండ నిలుపుట. మూడవది పబ్లిష్: దానిని ఎన్‌జింక్స్ వంటి వెబ్ సర్వరు ద్వారా మన యంత్రముల కందించుట.

పబ్లిష్ చేయునపుడు జీపీజీ కీతో సంతకము చేయుదుము. ఆ సంతకము రిలీజ్ అను ఫైలునకు. ఆ ఫైలులో పట్టికల చెక్‌సమ్‌లు, పట్టికలలో ప్యాకేజీల చెక్‌సమ్‌లు ఉండును. కావున ఒక్క సంతకమే గాదె కంతటికిని కాపు. పబ్లిక్ కీని ప్రతి యంత్రమునను ఉంచవలెను. రహస్య కీని ఎవరి చేతికిని ఈయరాదు.

ఆలస్యము అమృతమును విషము చేయునందురు. కాని 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి యున్నదని ఆండ్రెస్ ఫ్రాయిండ్ కనుగొన్నప్పుడు, అవి డెబియన్ పరీక్షా శాఖలకు చేరియుండెను గాని స్థిర శాఖకు చేరియుండలేదు. ఆనాడు ఆలస్యమే రక్షించినది.

అయినను సామెత అబద్ధము కాదు. మేము మొదట ఒకే స్నాప్‌షాట్‌ను మూడు నెలలు కదల్పక యుంచితిమి. అంతకాలము భద్రతా సవరణలు మా యంత్రములకు చేరనే లేదు. నేడు భద్రతా శాఖకు వేరొక మిర్రర్ ఉంచి, దానిని ప్రతిదినము తాజా చేసి, ముందొక యంత్రమున పరీక్షించి, పిదప తక్కినవాని కిచ్చుచున్నాము. గాదె కట్టినంత మాత్రమున చాలదు. తలుపు తీయవలసిన వేళ నెరుగవలెను.