పెన్న మొగలో గాలపు వేట

హిందూపురంలో పుట్టి పెరిగినవానికి సముద్రపు వేటతో పనియేమి అని, ఈ ప్రసంగం సంగతి విన్న మిత్రుడొకరు నన్ను అడిగినారు. ప్రశ్న న్యాయమైనదే. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే సంతోషించే సీమ మాది. చేపలవేట అంటే మాకు చెరువు గట్టున కూర్చుండి గాలం వేయడమే. ధర్మవరం చెరువు, బుక్కపట్నం చెరువు నిండిన ఏట పిల్లలకు అదొక పండుగ. నిండని ఏట గాలపుకర్ర అటక మీదనే ఉండిపోతుంది. చెరువునీరు ఎక్కడికీ పోదు. మనం కూర్చున్నంతసేపు అదీ కూర్చుంటుంది. సముద్రం దగ్గర ఈ అలవాటు ఎంత ప్రమాదమో ఈ మధ్యనే నాకు తెలిసి వచ్చింది. ఆ సంగతి చెప్పడానికే ఈ ప్రసంగం.

అయినా సముద్రానికీ మాకూ బంధుత్వం బొత్తిగా లేదనడానికి వీలులేదు. నందికొండల దాపున పుట్టిన పెన్నానది హిందూపురం ప్రాంతంలోనే ఆంధ్రదేశంలో అడుగుపెడుతుంది. రొద్దం ప్రక్కగా సాగి, చుట్టు తిరిగి, పుట్టిన చోటి నుండి 597 కిలోమీటర్లు నడచి నెల్లూరు జిల్లాలో ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. మా వైపున ఏడాదిలో అధికభాగం అది నది కాదు, ఇసుక. చిన్ననాడు ఆ ఇసుకలో చెలమలు తవ్వి నీరు త్రాగినవాళ్ళం. ఆ నది చివర ఎట్లుంటుందో చూడవలెనని నాకు చిరకాలపు కోరిక. ఇక పెనుకొండ సంగతి చరిత్ర చదివినవారికి తెలిసినదే. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర ప్రభువులకు రాజధాని అయిన దుర్గమది. అక్కడ రాజ్యం ప్రారంభించిన వేంకటపతిరాయలే తరువాతి కాలంలో, 1610లో, పులికాట్ రేవున డచ్చివారికి వర్తకానికి అనుమతి ఇచ్చినాడు. కొండమీది రాజుకు కూడా కడలి అవసరమైనదన్న మాట.

మా ప్రయాణానికి కారకుడు నా తమ్ముని కుమారుడు. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు టాంపా నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఏడు సంక్రాంతికి వచ్చి, అక్కడి సముద్రపు వేటను గురించి రాత్రులు రాత్రులు చెప్పినాడు. అక్కడ ఒక కుటుంబమో, నలుగురు స్నేహితులో కలిసి ఒక చిన్న పడవను తమకోసమే సగం దినానికి బాడుగకు మాట్లాడుకుంటారు. పడవతోపాటు గాలాలు, ఎరలు, మంచుపెట్టె అన్నీ పడవ నాయకుడే తెస్తాడు. నాయకునికి తీరరక్షక దళం ఇచ్చిన అనుమతిపత్రం ఉండవలె. ఇటువంటి చిన్న పడవలలో సామాన్యంగా ఆరుగురికి మించి ఎక్కించుకొనరు. నడిసముద్రానికి పోరు, ఒడ్డు కనిపించే దూరంలో, ఉప్పుకయ్యలలో, నదీముఖాలలో వేట. పట్టిన చేపను కొలబద్ద మీద పెట్టి చూచి, మరీ చిన్నదైనా, కొన్ని జాతులలో మరీ పెద్దదైనా, తిరిగి నీటిలో విడిచిపెడతారు. స్నూక్ అనే చేప ఉన్నది. అది మొదట మగదిగా ఉండి, పెరిగిన మీదట ఆడదిగా మారుతుందట. పెద్దవాటిని పట్టి తినివేస్తే గ్రుడ్లు పెట్టేవి కరవవుతాయి గనుక ఆ నియమం. మన పండుగప్ప కూడా సరిగ్గా అటువంటిదే. నదులలో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు ఉప్పునీటి వైపు దిగుతుంది. మొదట మగ, పిదప ఆడ. ఈ మాట చెప్పగానే వాడు లేచి కూర్చుండి, “పెదనాన్నా, అయితే మన పెన్న చివరనే పట్టుదాం” అన్నాడు.

ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం చేసే మా బావమరిది, పెనుకొండలో బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొన్న నా బాల్యమిత్రుడు, నేను, తమ్ముని కుమారుడు — నలుగురం బయలుదేరినాము. నెల్లూరులో తెలిసినవారి ద్వారా ఊటుకూరు దాపున ఉన్న ఒక పల్లెపాలెంలో ఫైబరు పడవను మాట్లాడి ఉంచినాము. సగం పూటకు నాలుగు వేల రూపాయలు, వేయి బయానా. పడవ యజమాని పట్టపువారి కులంలో పెద్దమనిషి, అరువది దాటిన వయస్సు. చిన్నతనంలో తెప్ప మీద వెళ్ళినవాడు. దుంగలు కలిపి కట్టే ఆ తెప్పనే అరవంలో కట్టుమరం అంటారు. ఇంగ్లీషువారి కాటమరాన్ ఆ మాట నుండి పుట్టినదే. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత ఆ ఊళ్ళలో తెప్పలు తరిగి ఫైబరు పడవలు పెరిగినవని ఆయనే చెప్పినాడు.

ఫోనులో ఆయన చెప్పిన మాట ఒక్కటే: “తెల్లారకముందే రండి.”

మేము వెళ్ళేటప్పటికి పదకొండు గంటలు. కదిరి, కడప, బద్వేలు మీదుగా వెలికొండలు దాటి నెల్లూరు చేరి, రాత్రి అక్కడ నిద్రించి, ఉదయం తీరికగా ఫలహారం చేసి బయలుదేరినాము. సముద్రం ఎక్కడికి పోతుందని మా ధీమా. మెరైన్ పోలీసు ఠాణాలో పేర్లు వ్రాయించుకోవడంలో మరికొంత ఆలస్యమైనది. పుష్య అమావాస్య వెళ్ళిన రెండవనాడు అది. పెద్దాయన నీటివైపు చూచి, మావైపు చూచి, “పాటు పట్టిందయ్యా, ఇయ్యాలకి లేదు. రేపు తెల్లారుజామున పోదాం” అన్నాడు.

మా బావమరిదికి కోపం వచ్చింది. మరునాడు అంగడిలో పెద్ద బేరం ఉన్నది. “బావా, నీళ్ళు చూడు, చెరువుకన్న నిమ్మళంగా ఉన్నాయి. ఇది ఇంకొక వేయి కోసం చెప్పే మాట” అని నాతో గట్టిగానే అన్నాడు. నిజానికి మేము నిలిచిన చోట, ఇసుకతిన్నె లోపల, నీరు అద్దంలాగా ఉన్నది. ఇంతలో ప్రక్కపడవ వద్దనున్న ఒక యువకుడు, అయిదు వేలిస్తే తాను తీసుకొనిపోతానన్నాడు. చెప్పుటకు సిగ్గుగా ఉన్నది గాని, నేను పంచె పైకి కట్టుకొని ఆ రెండవ పడవలో ఒక కాలు పెట్టినాను. పెద్దాయన మారు మాట్లాడలేదు. మొలలోనుంచి మా బయానా నోట్లు తీసి నా చేతిలో పెట్టి, “మీ దుడ్డు మీకేనయ్యా. ఎక్కబాకండి” అన్నాడు.

డబ్బు అడిగేవాడు డబ్బు తిరిగి ఇవ్వడు గదా. నా కాలు పడవలో ఒకటి, నీటిలో ఒకటి, అట్లాగే నిలిచిపోయినాను. అప్పుడు మా పెనుకొండ పంతులు, మాలో ఎవ్వరికీ తోచని ప్రశ్న వేసినాడు: “ఎందుకు పోరాదు?”

ఆయన చేతికఱ్ఱతో ఇసుకలో గీచి చెప్పినాడు. నదీముఖాన్ని మొగ అంటారు. అక్కడ నది తెచ్చిన ఇసుక, సముద్రం త్రోసిన ఇసుక కలిసి నీటి అడుగున మెరకగా పడి ఉంటుంది. పోటు వచ్చేటప్పుడు నీరు లోపలికి వస్తుంది, అలలు కూడా లోపలికే వస్తాయి. రెండింటిదీ ఒకటే దారి. పాటు తీసేటప్పుడు లోపలి నీరంతా ఇరుకు సందులో నుంచి వేగంగా బయటికి పోతుంది. బయటనుండి వచ్చే అల దానికి ఎదురుపడుతుంది. ఎదురుపడిన అల పొట్టిదై నిటారుగా లేచి విరుగుతుంది. నీరు తగ్గేకొద్దీ మెరక పైకి తేలుతుంది గనుక ఇంకా గట్టిగా విరుగుతుంది. ఈ తీరాన పోటుకూ పాటుకూ భేదం ఒక మీటరుకు అటూ ఇటూ మాత్రమే. ఆ మీటరు నీరే మొగలో పడవను తల్లక్రిందులు చేయగలదు. అమావాస్య, పూర్ణిమలకు పాటు మరింత జోరు. దానికితోడు మధ్యాహ్నపు సముద్రపు గాలి. “పోయేది మీ ఇష్టం, రాను మాత్రం వీల్లేదు” అని ఆయన ముగించినాడు.

టాంపా కుర్రవాడు అప్పుడు నోరు విప్పి, అక్కడ నాయకుడు వద్దంటే ఎవ్వరూ వాదించరనీ, ఆ దినానికి వేట లేదనుకొని ఇంటికి పోతారనీ చెప్పినాడు. ఈ మాట ముందే చెప్పరాదా అని వానిమీద విసుగుకొన్నాను. నేను కాలు వెనుకకు తీసుకొన్నాను. అయిదు వేల యువకుడు కూడా ఏమీ అనలేదు. చూడగా, ఆతడూ పడవ త్రోయలేదు.

తిన్నె చివరకు నడచి వెళ్ళి కూర్చున్నాము. ఒంటిగంట వేళకు మొగలో అలలు గోడలవలె లేవసాగినవి. వేటకు పోయి ఆలస్యంగా వచ్చిన పడవ ఒకటి బయటనే ఆగింది. అందులో ముగ్గురున్నారు. ఇల్లు వారికి కనిపిస్తూనే ఉన్నది. ఒడ్డున స్త్రీలు నిలిచి చూస్తున్నారు. అయినా వారు మూడు గంటలకు పైగా ఎండలో అట్లాగే ఊగుతూ ఉండి, సాయంకాలం నీరు మరలిన పిమ్మట లోపలికి వచ్చినారు. వచ్చి, ఏమీ జరగనట్లు వలలు దులుపుకొన్నారు. మా బావమరిది ఆ మూడు గంటలూ ఒక్క మాట మాట్లాడలేదు. అది ఆతని విషయంలో సామాన్యమైన సంగతి కాదు.

ఉద్యోగరీత్యా కోస్తాలో ఉన్న రోజులలో “మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు” అన్న హెచ్చరికను ఎన్ని సార్లు చదివినానో లెక్కలేదు. స్టూడియోలో అది అయిదు క్షణాల వాక్యం. వినేవారు ఆ వాక్యం కోసం ఒక దినపు కూలి వదులుకొంటారని నాకు అప్పుడు తట్టలేదు.

మరునాడు తెల్లవారుజామున అయిదున్నరకు, నీరు లోపలికి మరలిన వేళ, పడవ కదిలింది. లైఫ్ జాకెట్లు ఆయనవద్ద మూడే ఉంటే, మరి రెండు తెప్పించి గాని మేము ఎక్కలేదు. అవి లేని పడవ ఎంత చవకగా వచ్చినా ఎక్కవద్దని మీకు నా మనవి. 2017 నవంబరులో కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద, విహారానికి పోయిన పడవలు మునిగి ఎందరో చనిపోయినారు; అవి నదులు మాత్రమే. వేటకు నమోదైన పడవ వేరు, ప్రయాణికులను ఎక్కించుకొనుటకు అనుమతి ఉన్న పడవ వేరు అన్నది కూడా బేరానికి ముందే విచారించుకోవలె. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 దినాలు తూర్పుతీరంలో మోటారు పడవల వేటకు నిషేధం. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు తుఫానుల భయం. మాబోటివారికి అనువైనవి జనవరి నుండి మార్చి వరకు ఉన్న నెలలు.

మొగ దాటుట అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాలూ పెద్దాయన మాతో మాట్లాడలేదు, మమ్ము మాట్లాడనీయలేదు. దాటిన తరువాత బీడీ ముట్టించినాడు. దానినిబట్టి మేమూ ఊపిరి విడిచినాము. ఒడ్డుకు కిలోమీటరు దూరంలో లంగరు వేసి, బ్రతికిన రొయ్యలను ఎరగా గ్రుచ్చి, సీసపుగుండు కట్టిన నైలాను దారాలు దింపినాము. మొదట నా గాలానికి పడినది జెల్ల. ఆత్రంగా చేయి చాచబోతే, ఆయన నా మణికట్టు పట్టుకొని ఆపినాడు. జెల్లకు వీపుమీద, రెండు ప్రక్కల ముళ్ళుంటాయి; గ్రుచ్చుకొంటే చేయి వాచి, నొప్పి గంటల తరబడి వదలదు. పాతగుడ్డతో అదిమి ముళ్ళు విరిచి పడవలో వేసినాడు. మా బావమరిది వరుసగా నాలుగు గొరకలు పట్టి, తిరిగి పూర్వపు వాచాలత్వం సంపాదించుకొన్నాడు. పంతులుకు కడుపులో త్రిప్పి, పడవ అంచు పట్టుకొని పడమటి దిక్కునే చూస్తూ కూర్చున్నాడు.

ఎనిమిది గంటలకు మొగకు దగ్గరగా వచ్చి, ఇసుకమెరక ప్రక్కన గాలం వేయించినాడు. అక్కడ పడినది పండుగప్ప. మూడు కిలోలుంటుంది. నీటిపైకి ఎగిరి తల విదిలిస్తుంటే ప్రాతఃకాలపు ఎండలో వెండిపళ్ళెంలాగా మెరిసింది. మా కుర్రవాడు దానిని పడవలోకి తీసి, సంచిలో నుంచి టేపు తీసి కొలిచి, విడిచిపెట్టవలెనా అని తటపటాయించినాడు. పెద్దాయన నవ్వి, “పిల్లదీ గాదు, ముసలిదీ గాదు, తినే ఈడుది” అని మంచుపెట్టెలో పడవేసినాడు. మాకు అది వినోదం, ఆయనకు సంత. పడిన చేప ఆయనదే కావలెనని, మా కూరకు సరిపడా మాత్రమే తీసుకొనవలెనని మేము లోలోపల అనుకొన్నాము. ఇది కూడా బేరంనాడే మాట్లాడుకొనవలసినది.

తొమ్మిదిన్నరకు, ఇంకా చేపలు పడుతుండగానే, ఆయన లంగరు లాగినాడు. ఈ సారి ఎవ్వరూ ఎందుకని అడుగలేదు.

ఆ మధ్యాహ్నం ఆయన ఇంట పచ్చిమామిడికాయ వేసిన పులుసు తిని తిరుగు ప్రయాణమైనాము. వరదలు వచ్చినప్పుడల్లా మొగలో ఇసుక కదలిపోయి దారి మారుతుందని, దానిని మళ్ళీ క్రొత్తగా నేర్చుకోవలసినదేనని, వడ్డించుచు చెప్పినాడు. నా ఫోను నంబరు అడిగి తీసుకొన్నాడు. ఎందుకో అనుకొన్నాను.

మొన్న మా వైపు రెండు దినాలు ఎడతెరపి లేకుండా వాన కురిసింది. మూడవనాటి ఉదయం ఫోను మ్రోగింది. క్షేమం అడిగిన పిమ్మట, “అయ్యా, మీ కాడ పెన్నకు నీళ్ళు వచ్చినాయా?” అన్నాడు. రొద్దం వద్ద ఇసుక కనబడకుండా పారుతున్నదని చెప్పినాను. “అయితే ఇంకొన్నాళ్ళు ఆగి చూస్తా” అని ఫోను పెట్టివేసినాడు.