పాక, పొయ్యి, గడ్డిమేటు: నిప్పు గూర్చి నాలుగు మాటలు

(అంతర్వేది ప్రాంత పాల సంఘ సభ్యుల సమావేశంలో కోఆపరేటివ్ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మేము వచ్చామంటే కార్యదర్శిగారు లెక్కల పుస్తకాలు సర్దుకోవడం మామూలు. ఈవేళ పుస్తకాల జోలికి పోము. వేసవి వచ్చింది, పైరగాలి మొదలయింది, నిప్పు సంగతి చెప్పుకొందాం.

మన స్వామివారి రథం సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరు 5వ తేదీ రాత్రి, సుమారు నలబై అడుగుల ఎత్తు, అరవై యేళ్లు దాటిన టేకు రథం షెడ్డులోనే కాలిపోయింది. కారణాల వాదన మనకు వద్దు. మనం చూడవలసింది ఒక్కటే: ఊరంతా నిద్రలో ఉన్న వేళ ఎండిన కర్రకు నిప్పంటుకుంటే, మనిషి లేచి పరుగెత్తి వచ్చేసరికి ఏమీ మిగలదు. స్వామివారికి 2021 ఫిబ్రవరికల్లా కొత్త రథం సిద్ధమయింది. మన తాటాకింటికీ, మన చూడి గేదెకూ అంత త్వరగా ఎవరు చేసి పెడతారు?

కొన్నేళ్ల క్రిందట ఒక సంఘంలో పాల పుస్తకం తనిఖీ చేస్తున్నాము. ఒక సభ్యురాలి పేరు ఎదుట సాయంత్రం నాలుగు లీటర్లు అని ఉంది. మరునాటి నుంచి గడులన్నీ ఖాళీ. పాలు బయట అమ్ముకుంటోందేమోనని అనుమానించి అడిగాము. ఆ మాట అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాము. ఆ రాత్రి దోమలకని పాకలో కొబ్బరిపీచు, పిడకలు వేసి పొగ పెట్టారట. పొగ ఆరిందనుకొని పడుకున్నారు. కొబ్బరిపీచు పైకి ఆరినట్టే ఉంటుంది, లోపల గంటల తరబడి రగులుతూనే ఉంటుంది. గాలి తిరిగి, రవ్వ లేచి చూరులో పడింది. రెండు గేదెలకూ ఇనుపగొలుసులు వేసి ఉన్నాయి. కొక్కెం వేడెక్కి చేతికి రాలేదు. ఆమె అరచేతులు రెండూ కాలాయి, గేదెలు దక్కలేదు. చెవిపోగు ఊడిపోయి చాలాకాలమయినా మళ్లీ వేయించలేదు గనుక భీమా సొమ్ము కూడా రాలేదు.

అందుచేత మొదటిమాట పాక గూర్చే. పొగ వేయాలంటే చిల్లులు పెట్టిన పాత డబ్బాలోనో, మట్టికుండలోనో వేయండి. పాక బయట, గాలి వచ్చే వైపు కాక గాలి పోయే వైపు పెట్టండి. పడుకోబోయే ముందు మీరే స్వయంగా నీళ్లు పోసి, కర్రతో కెలికి, మళ్లీ పోయండి. పిల్లలకు పురమాయించి ఊరుకోవద్దు. పశువును పలుపుతాడుతోనే కట్టండి, లాగితే ఊడివచ్చే ముడి వేయండి. పాక గుమ్మం బయట ఒక కొడవలి చెక్కి ఉంచండి. విప్పిన పశువును దూరంగా తోలి అక్కడ కట్టేయండి, బెదిరిన పశువు మళ్లీ తన చోటికే పరుగెత్తవచ్చు.

గడ్డిమేటును ఇంటికీ పాకకూ దూరంగా వేయమంటే, స్థలం ఎక్కడుందని అడుగుతారు. నిజమే, మన కొబ్బరితోటల మధ్య సెంటు నేల కూడా ఖాళీగా ఉండదు. అయినా చూరుకు ఆనించి మాత్రం వేయవద్దు, కరెంటు తీగ కింద అసలే వద్దు. వానకు తడిసిన గడ్డిని మేటు వేస్తే లోపల ముక్కి వేడెక్కుతుంది. అనుమానముంటే ఇనుప ఊచ లోపలికి గుచ్చి పావుగంట ఆగి తీయండి. చెయ్యి పట్టలేనంత కాలితే ఒంటరిగా మేటు విప్పవద్దు, గాలి తగలగానే భగ్గుమనవచ్చు. నీళ్లు, మనుషులు సిద్ధమయ్యాకే విప్పాలి.

ఇక వంటగ్యాసు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మన మామిడికుదురు మండలం నగరంలో పైపులైను గ్యాసు లీకయి ఊరిమీద పరచుకొని అంటుకుంది. ఇరవైమందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు నిలువునా మాడాయి. అది పెద్ద పైపు, మన ఇంట్లోది వేలెడు పైపు, అంతే తేడా. సిలిండరు గ్యాసు గాలికంటె బరువు, నేలబారున పాకి గదంతా నిండుతుంది. వాసన వస్తే అగ్గిపుల్ల గీయవద్దు, స్విచ్చి వేయనూ వద్దు, ఆపనూ వద్దు. రెగ్యులేటరు కట్టి, తలుపులు బార్లా తీసి, అందరూ బయటికి వచ్చాక 1906కు ఫోను చేయండి. రబ్బరు గొట్టం అయిదేళ్లకు మించి వాడరాదు. కొందరి ఇళ్లలో అమ్మాయి పెళ్లినాటి గొట్టం మనుమడి అన్నప్రాసన దాకా నడుస్తోంది!

మూకుడులో నూనె అంటుకుంటే నీళ్లు పోయకండి, ఎగిరి మీద పడుతుంది. పొయ్యి ఆపి మూత బోర్లించండి. కరెంటు మంటకు మెయిను కట్టేదాకా నీళ్లు వద్దు. చీరకు అంటుకుంటే పరుగెత్తకుండా నేలమీద పడి దొర్లాలి. కాలినచోట పారే చన్నీళ్లు ఇరవై నిమిషాలు పోయాలి. సిరా, పేస్టు, వెన్న రాసేవారిని దగ్గరికి రానీయకండి.

అగ్నిమాపక బండికి 101, ఏ ఆపదకయినా 112. కాని మన సందులలో ఆ బండి దూరడం కష్టం, వచ్చేలోపల చేయవలసింది ఇరుగుపొరుగులే. ఇక్కడ సంఘం సాయపడగలదు. కేంద్రంలో ఖాళీ క్యాన్లున్నాయి, ఒక్కొక్కటి నలబై లీటర్లు. రెండు క్యాన్లు ఎప్పుడూ నీళ్లు నింపి, బకెట్లతో కలిపి, తాళం వేయని వరండాలో ఉంచాలని పాలకవర్గం ఇవాళే తీర్మానం రాయాలి. పాలక్యాను నీళ్లకా అని ఎవరయినా అంటే, సొట్టపడి పక్కన పెట్టినవి ఉన్నాయి కదా, వాటినే వాడండి. తాటాకిళ్లలో ఒంటరిగా ఉండే ముసలివాళ్ల పేర్లు, నడవలేనివారి పేర్లు కార్యదర్శిగారు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించాలి.

భూమి కాగితాలు, భీమా కాగితాలు, బ్యాంకు పుస్తకం ఒకే రేకు పెట్టెలో గుమ్మం దగ్గర ఉంచుకోండి. పశువు చెవిపోగు ఊడితే ఆ వారంలోనే వేయించండి. పోగు లేనిదే క్లెయిము లేదు. పశువుకు కాలిన గాయమయితే 1962కు ఫోను చేస్తే పశువుల అంబులెన్సు వస్తుంది.

ఈ సాయంత్రం పాలకు మేము ఇక్కడే ఉంటాము. వచ్చేటప్పుడు మీ గ్యాసు గొట్టం మీద అచ్చువేసిన సంవత్సరం చూసి, చీటీ మీద రాసి తీసుకురండి. చెవిపోగు లేని పశువులున్నవారు కార్యదర్శిగారి దగ్గర పేరు రాయించుకోండి. పేర్లు అందగానే పశువైద్యుల వారితో మాట్లాడి పోగులు వేసే రోజు నిర్ణయిస్తాము.