పీఠం మారినా నిలిచే సంస్థ

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదేండ్లు నిండిన మన పాఠశాల ఇకపై ఎట్లు నిలుస్తుందన్న ప్రశ్నకు సమాధానం వెదకుచు, మనకంటె చాలా పాతదైన ఒక సంస్థ నిర్మాణాన్ని మీ ముందుంచుతున్నాను. అది ఫ్రీమేసన్ల సోదర సంఘం. మన కవరైపేట్టైలో లోకల్ రైలెక్కి సెంట్రల్‌లో దిగితే, వారి మందిరమున్న ఎగ్మూరు ఎంతో దూరం కాదు. హైదరాబాదులో తానీషా కాలపు గోషామహల్ బారాదరి కూడ వారి మందిరమే.

వారి శాఖను లాడ్జి అంటారు. అది బస చేసే చోటు కాదు, సోదరుల సభ. ఈ సభలు మన దేశానికి పద్దెనిమిదవ శతాబ్దిలో, మొదట కలకత్తాకు, పిదప మదరాసుకు వచ్చాయి. స్వాతంత్ర్యానంతరం కూడ కొంతకాలం అవి ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండుల గ్రాండ్ లాడ్జిల క్రిందనే నడిచాయి. 1961 నవంబరు 24న ఢిల్లీలో, ఆ మూడింటి సమ్మతితోనే, గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. రాంపూరు నవాబు సయ్యద్ రజా అలీఖాన్ తొలి గ్రాండ్ మాస్టరు. పాత అధికారం క్రిందనే ఉండదలచిన లాడ్జిలకు ఆ స్వేచ్ఛ లభించింది. కలహం లేకుండ వేరు కాపురం పెట్టడమంటే ఇదే!

పాలన మూడంచెలు. పైన దేశమంతటికీ ఒకే నియమావళి, ఒక గ్రాండ్ మాస్టరు. నడుమ ఉత్తర, తూర్పు, పశ్చిమ, దక్షిణ ప్రాంతీయ గ్రాండ్ లాడ్జిలు నాలుగు. దక్షిణ ప్రాంతానికి కేంద్రం చెన్నై. క్రింద అధికారపత్రం పొందిన లాడ్జిలు. ప్రతి లాడ్జి తన మాస్టరును ఏటేటా తానే ఎన్నుకొంటుంది. సాధారణంగా పదవి దిగేవాడే కొత్తవానిని పీఠంపై కూర్చుండబెట్టి, తాను పూర్వ మాస్టరుగా సలహా చెప్పుచు సభలోనే ఉంటాడు. ప్రపంచమంతటికీ ఒక అధినేత లేడు. ఏ దేశపు గ్రాండ్ లాడ్జి దానికదే స్వతంత్రం. సభలో మతవివాదం, రాజకీయం నిషిద్ధం. ఎవరి ధర్మగ్రంథంపై వారు ప్రమాణం చేస్తారు.

లోపం లేదనను. ఆ గ్రాండ్ లాడ్జిలో స్త్రీలకు సభ్యత్వం లేదు. నేను గడపవద్దనే ఆగవలసినదాననే. వారి రహస్యాలతో మనకు పని లేదు. వారి క్రమం మాత్రం మనకు కావాలి.

మనకు పూర్వ విద్యార్థులు వందలకొలది ఉన్నారు. సంఘం మాత్రం లేదు. తమిళనాట తెలుగు బడి ఒక్కరి ఉత్సాహంతో నిలువదు. ప్రధానోపాధ్యాయిని ఉద్యోగ విరమణ చేస్తుంది, దాత కాలం చేస్తాడు. వ్రాసుకొన్న నియమావళి, ఏటేటా ఎన్నిక, చూపదగిన లెక్కలు, దిగినవారి సలహా—ఈ నాలుగూ ఉంటే బడి నిలుస్తుంది. ఈ సభ ముగియకముందే పూర్వ విద్యార్థుల సంఘానికి నాంది పలుకవలెనని ప్రార్థిస్తూ సెలవు తీసుకొంటున్నాను.