తోటి ఉపాధ్యాయునికి చేరవలసిన పాఠము

(కొలకతాలో రైల్వే, తపాలా ఉద్యోగుల సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో బడిపంతులుకేమి పని అని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. కనుక మీ వృత్తి నుండియే మొదలుపెట్టెదను. క్రొత్త సెక్షనులో బండి నడుపవలసిన లోకో పైలటు మొదట ఆ దారి ఎరిగినవారి వెంట ప్రయాణము చేయును. ఏ సిగ్నలు ఏ మలుపు దాటిన తరువాత కనబడునో, వాలు ఎక్కడ మొదలగునో చూచి, దారి తెలిసినదని సంతకము చేసిన పిదపనే స్వయముగా బండి నడుపును. దీనిని మీరు ‘రోడ్ లెర్నింగ్’ అందురు. అది డ్యూటీయే గాని ఎవరి దయయు కాదు. తపాలా సార్టరు సైతము ఏ ఊరి ఉత్తరము ఏ సంచిలో పడవలెనో ప్రక్కనున్న అనుభవజ్ఞుని చూచియే నేర్చినాడు.

మరి ఉపాధ్యాయుని సంగతి? మూడింట ఒక వంతు కంటె నాలుగింట ఒక వంతు పెద్దదని పిల్లలు చెప్పుదురు. మూడు కంటె నాలుగు పెద్దది గదా! ఒక పంతులుగారు సమానమైన రెండు కాగితపు పట్టీలను మడతపెట్టించి, పది నిమిషములలో ఆ పొరపాటును పోగొట్టును. ప్రక్క ఊరి పంతులుగారు అదే పాఠముతో వారము రోజులు తల బాదుకొనుచుండును. మొదటివారి ఉపాయము రెండవవారికి చేరు దారి లేదు. మొదటివారు ఉద్యోగ విరమణ చేసిన నాడు అది వారితోనే ఇంటికి పోవును.

ఈ నగరమున గురువులను ఒకచోట చేర్చు ప్రయత్నము పాతదే. 1817లో కలకత్తా స్కూల్ బుక్ సొసైటీ, మరుసటి సంవత్సరము కలకత్తా స్కూల్ సొసైటీ ఏర్పడినవి. వీధి పాఠశాలల గురువులకు అచ్చు పుస్తకములు అందినవి. రాధాకాంత దేవ్ పర్యవేక్షణ వహించినారు. శోభాబజారులోని దేవ్ వారి గృహమున ఆ పాఠశాలల పిల్లలకు పరీక్షలు జరిగెడివి. మంచి ప్రయత్నమే. కాని అది పరీక్ష! ఒక గురువు మరొక గురువును, “అయ్యా, ఈ లెక్క మీరెట్లు చెప్పుచున్నారు?” అని అడుగుటకు ఏర్పడిన సభ కాదు. 1921లో అఖిల బంగ ఉపాధ్యాయ సంఘము స్థాపితమైనది. ఉపాధ్యాయులు తమకై తాము కూడుట అంతకంతకు బలపడినది.

అట్టి ప్రశ్న అడుగుకొను సభను కండ్ల జూడవలెనన్న మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాకు, అనగా నేటి నర్మదాపురమునకు, పోవలెను. అచ్చట 1972లో పదునారు మాధ్యమిక పాఠశాలలలో విజ్ఞాన శాస్త్ర బోధన కార్యక్రమము మొదలై, 1978లో జిల్లా అంతటికి వ్యాపించినది. ఉపాధ్యాయులు నెలకొకసారి కూడి, ఏ ప్రయోగము కుదిరినది, ఏది చెడినది అని వాదించుకొనెడివారు. కుదరని ప్రయోగమును దాచుకొననక్కర లేకుండుటయే ఆ సభల గొప్పతనమని నా అభిప్రాయము. తపాలా సోదరులు వినవలసిన మాట ఒకటి కలదు. ‘సవాలీరామ్’ అను కల్పిత వ్యక్తి పేరిట పిల్లలు తమ సందేహములను ఉత్తరములుగా వ్రాసెడివారు. వారికి జవాబులు పోయెడివి. ఆ సంచులు మోసినది మీ శాఖవారే. ఆ కార్యక్రమమును 2002లో రాష్ట్ర ప్రభుత్వము నిలిపివేసినది.

మన ఆంధ్రదేశమునను 1980వ దశకమున బ్రిటిష్ సహాయముతో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మొదలైనది. ‘అపెప్’ అన్నచో ఆనాటి పంతుళ్ళకు గుర్తుకు వచ్చును. సమీప పాఠశాలల వారు ఉపాధ్యాయ కేంద్రమున కూడి, తాము చేసిన బోధనోపకరణములను ఒకరికొకరు చూపుకొనెడివారు. 1996లో ప్రాజెక్టు ముగిసినది.

నేడు చాల బడులలో ఉపాధ్యాయులకు వాట్సాప్ బృందములు కలవు. దారి దొరికినది గదా అందురేమో. నేను చూచినంతలో వానిలో ఎక్కువగా పారునవి పై నుండి వచ్చు ఉత్తర్వులు, ‘వెంటనే ఫొటో పంపుడు’ అను ఆజ్ఞలు. పాఠము మాట ఎత్తువాడు అరుదు; ఎత్తినను రాత్రి పదిగంటలకు, ఇంటి పని ముగిసిన తరువాత. దారి ఉన్నంత మాత్రమున చాలదు, దానిపై నడచుటకు పని వేళలలో కాలము ఉండవలెను. మీ రోడ్ లెర్నింగ్ వలె నెలకొక పూట, అధికారి తనిఖీ లేకుండ, డ్యూటీగా లెక్కించి ఇవ్వుడని మేము అడుగుచున్నాము. మీ పిల్లలు చదువు బడుల తల్లిదండ్రుల సమావేశములలో ఈ కోరికను మీరును వినిపింపవలెను.

ఇందాక చెప్పిన కాగితపు పట్టీలు నా సంచిలో ఉన్నవి. భిన్నములు నేర్చు పిల్లలున్నవారు సభానంతరము వచ్చి మడత ఎట్లు పెట్టవలెనో చూచి పోవచ్చును.