ఓరగా ఒక మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన సమయం పది నిమిషాలు. అంతలో ఇంగ్లీషు భాష గురించి చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకని ఒక్క మాట గురించి చెబుతాను. ఆ మాట ‘అస్లాంట్’. ఏ, ఎస్, ఎల్, ఏ, ఎన్, టీ. ఏటవాలుగా, ఓరగా అని అర్థం. మామూలు సంభాషణలో ఇది దాదాపు వినిపించదు, వార్తాపత్రికల్లోనూ అరుదు. అయినా దీన్నే ఎంచుకున్నాను. మాటకు అర్థం తెలియడం వేరు, వాడుక తెలియడం వేరు అని ఇది చక్కగా చూపిస్తుంది.

‘స్లాంట్’ అంటే వాలు. దాని ముందున్న ‘అ’ను చూసి అసత్యం, అధర్మం లాగా ఇదీ వ్యతిరేకార్థం అనుకోకండి. పాత ఇంగ్లీషులోని ‘ఆన్’ అనే మాట అరిగి అరిగి మిగిలిన ముక్క అది. ‘అస్లీప్’ అంటే నిద్రలో ఉన్న, ‘అషోర్’ అంటే ఒడ్డున. అలాగే ‘అస్లాంట్’ అంటే వాలులో ఉన్న.

ఈ మాటలకు ఒక కట్టుబాటు ఉంది. సాధారణంగా ఇవి నామవాచకానికి ముందు నిలబడవు. ‘ద బేబీ ఈజ్ అస్లీప్’ అంటాం కాని ‘అస్లీప్ బేబీ’ అనం, ‘స్లీపింగ్ బేబీ’ అంటాం. అదే తీరున వాలు కప్పును ‘స్లాంటింగ్ రూఫ్’ అనాలి, ‘అస్లాంట్ రూఫ్’ అనకూడదు. ‘హిజ్ క్యాప్ వాజ్ అస్లాంట్’ అనవచ్చు.

దీనికి ఇంకో శక్తి కూడా ఉంది. ‘ద సన్‌లైట్ ఫెల్ అస్లాంట్ ద ఫ్లోర్’ అన్నామనుకోండి. నేల మీద ఎండ ఏటవాలుగా పడింది అని అర్థం. మనం ‘మీద’, ‘ఏటవాలుగా’ అని రెండు మాటల్లో చెప్పేదాన్ని ఇది ఒక్కటే చెబుతుంది.

షేక్‌స్పియర్ ‘హామ్లెట్’లో ఒఫీలియా మరణవార్తను రాణి గెర్‌ట్రూడ్ చెబుతుంది. వాగు ఒడ్డున నీటి మీదికి వాలిన విల్లో చెట్టుతో ఆమె మాట మొదలవుతుంది. 1623 నాటి ఫోలియో ప్రతిలో ఆ వాలుకు వాడిన మాట ‘అస్లాంట్’. అంతకుముందరి రెండో క్వార్టో ప్రతిలో ఆ చోట ‘అస్కాంట్’ అని ఇంకో రూపం ఉంది. విల్లోను మనం చూసి ఉండకపోవచ్చు. కోనసీమలో కాలువ మీదికి ఓరగా వాలిన కొబ్బరిచెట్టును తలచుకోండి. అది నిటారుగా లేదు, పడిపోనూ లేదు. వేళ్లు గట్టున, తల నీటి మీద. ఒఫీలియా ఎక్కిన కొమ్మ విరగబోతోందని చెప్పకముందే ఆ వాలు మన గుండెను పట్టుకుంటుంది. అరుదైన మాటకు తగిన చోటంటే అది.

ఇక దీని ఇరుగుపొరుగును చూద్దాం. మన బడి గ్లోబు 23.5 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. దాన్ని ‘టిల్ట్’ అంటారు. పీసా గోపురం ఒరిగింది, దానికి ‘లీన్’ అనే మాట స్థిరపడింది. గోడమీది పటం సరిగ్గా ఉండాల్సింది పక్కకు ఒరిగితే ‘అస్క్యూ’. అందులో లోపం ఉందన్న సూచన ఉంది, ‘అస్లాంట్’లో అది లేదు. ‘అస్కాన్స్’తో మరింత జాగ్రత్త. నిఘంటువులో ఓరగా అని ఉంటుంది. కాని మన ఓరచూపులో వలపు ఉండవచ్చు, ‘అస్కాన్స్’ చూపులో ఉండేది అనుమానం. ఒకదానికి బదులు ఇంకొకటి పెడితే ప్రేమకథ కాస్తా పోలీసు కథ అవుతుంది!

మన భాషా ఏమీ తక్కువది కాదు. నేల వాలు, ఏటవాలు కప్పు, ఐమూలగా మడిచిన గుడ్డ, ఓరగా వేసిన తలుపు. ఒక్కో వంకరకు ఒక్కో మాట. వీటన్నిటికీ ‘అస్లాంట్’ పనికిరాదు. ఐమూలకు ‘డయాగొనల్’ కావాలి. ఓరగా వేసిన తలుపుకు ‘అజార్’ కావాలి, అందులోనూ ఆ ‘అ’యే ఉంది. ఇంట్లో ఈ తేడాలు వింటూ పెరిగిన పిల్లవాడు ఇంగ్లీషులోని తేడాలను తొందరగా పట్టుకుంటాడు. ఐమూల అనే మాటే తెలియని పిల్లవాడికి రెండు భాషల్లోనూ అన్నీ ‘క్రాస్’గానే కనిపిస్తాయి. తెలుగు మీడియంలో చదివామని ఇంటర్వ్యూ గది ముందు తల దించుకునే పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ దగ్గరున్నది లోటు కాదు, మూలధనం.

పెద్ద మాట వాడితే పెద్దవాళ్లమవుతామన్న భ్రమ మాత్రం వద్దు. ‘స్లాంటింగ్’ సరిపోయే చోట ‘స్లాంటింగ్’ అనే రాయండి. కొత్త మాట కనిపిస్తే అర్థం ఒక్కటే రాసుకోకుండా, అది ఉన్న వాక్యాన్ని మొత్తం రాసుకోండి. దాని పక్కన అమ్మమ్మ వాడే తెలుగు మాట రాయండి.

మిత్రులకు ఒక మనవి. మన సంఘం గ్రంథాలయానికి ఇచ్చే పుస్తకాల్లో ఉదాహరణ వాక్యాలున్న మంచి ఇంగ్లీషు నిఘంటువును, 1852లో వెలువడిన బ్రౌన్ దొరగారి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ఒకే అరలో పక్కపక్కన పెట్టించండి. అర తాళం పిల్లలకు అందేచోట ఉంచండి.